టాపెట్లు మాట్లాడని ఇంజిను

పొద్దున్నే చోక్ లాగి తాళం తిప్పితే మా అంబాసిడర్ వెంటనే అందుకునేది. ఇంట్లోంచి బయటికొచ్చి సిరిపురం ఎత్తు ఎక్కేదాకా ఏ తేడా తెలిసేది కాదు. ఇంజిను బాగా వేడెక్కాకనే అసలు బాధ మొదలయ్యేది. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగు పక్కనున్న గేరు రాడ్డు ఊగిపోయేది. ఐడ్లింగు కుదురుగా ఉండేది కాదు, ఒక దెబ్బ తప్పి ఒక దెబ్బ కొట్టేది. యాక్సిలరేటర్ తొక్కితే చప్పుడు పెరిగేది గాని బండి లాగేది కాదు. ఆపి ఓ అరగంట చెట్టు కింద పెడితే మళ్లీ మామూలే. ఇది 2001 వేసవి, విశాఖపట్నం సంగతి.

బండి 1984 మోడల్ మార్క్ 4, పెట్రోలుది. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లో వాడిన 1489 సీసీ బీఎంసీ ఇంజిను దాంట్లో ఉండేది. నాన్న బ్యాంకులో పనిచేసిన రోజుల్లో సెకండ్ హ్యాండులో కొని, రిటైరయ్యాక కూడా అమ్మడానికి ఒప్పుకోలేదు. అక్క పెళ్లికి, తాతయ్య కర్మకి, నా మొదటి ఉద్యోగానికి అందరినీ మోసిన బండి అది. దాన్ని బాగుచేయించడం మా ఇంట్లో ఖర్చు లెక్క కాదు, మాట నిలబెట్టుకోవడం.

ఆ మే నెలలో అరకు బయల్దేరాం. కొత్తవలస, శృంగవరపుకోట దాటేదాకా హాయిగా పోయింది. బొడ్డవర దాటి ఘాట్ మొదలైన కాసేపటికి రెండో గేరులో లాగడం మానేసింది. మొదటి గేరులో పెడితే మనిషి నడకతో పోటీ. వెనకాల బస్సు హారన్ కొడుతోంది, అమ్మ దేవుడికి మొక్కుకుంటోంది. పక్కకి తీసి బానెట్ ఎత్తగానే ఓ లారీ క్లీనర్ కుర్రాడు దిగి వచ్చి, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ చుట్టాడు. ఎండకి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతోందని అతని అనుమానం. అరగంటకి బండి మళ్లీ లాగింది. తడిగుడ్డే పనిచేసిందని అందరం నమ్మాం. అనంతగిరి చేరకముందే మళ్లీ అదే వరస. వెనక్కి తిప్పి ఇంటికొచ్చేశాం.

వేడెక్కితే చచ్చి, చల్లారితే లేచే జబ్బుకి ఎవరైనా చెప్పే పేర్లు మూడు. పెట్రోలు ఆవిరి, కాయిలు, కండెన్సరు. కాయిలు లోపలి చుట్లు వేడికి విడిపోయి, చల్లారాక కలుస్తాయి. అది నిజంగానే జరిగే సంగతి, కాబట్టి చెప్పినవాళ్లని తప్పుపట్టడానికి లేదు. కాయిలు మార్చారు. కండెన్సరు, పాయింట్లు, ప్లగ్గులు మార్చారు. కార్బురేటర్ విప్పి జెట్లు ఊదారు. ఒక పెద్ద షెడ్డులో కంప్రెషన్ కూడా చూశారు. రాత్రంతా అక్కడే ఉన్న బండికి పొద్దున్నే ప్లగ్గులు ఊడదీసి గేజి పెట్టి, నాలుగు సిలిండర్లూ బాగున్నాయని రాసిచ్చారు. ఆ కాగితం చూశాక ఇంజిను లోపల ఏదో పోయిందన్న ఆలోచనే ఇంకెవరికీ రాలేదు.

కంచరపాలెం వైపు ఓ సందులో పాత అంబాసిడర్లు మాత్రమే చేసే పెద్ద మేస్త్రీ గారు ఉన్నారని నాన్న స్నేహితుడు ఒకాయన చెప్పాడు. రేకుల షెడ్డు, ముందు వేపచెట్టు. డెబ్బైకి దగ్గరపడిన మనిషి. నాన్న బండి ఆపి, ఏమేం మార్చామో వరసగా చెప్పబోయాడు. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, ఇంజిను నడుస్తుండగానే బానెట్ ఎత్తించి, తల పక్కకి వంచి విన్నారు.

"ఏటి బాబూ, టాపెట్ల సౌండు ఏదీ?"

"అదే విశేషం గురువుగారూ," అన్నాడు నాన్న సంతోషంగా. "ఏడాదిగా అస్సలు చప్పుడు లేదు. ఇదివరకు టకటకమని ఒకటే గోల."

"ఈ ఇంజినుకి ఆ సౌండు ఉండాల. లేదంటే లోపల ఏదో బిగుసుకుపోయింది."

నేను అప్పటికి ఇంజినీరింగ్ చదివి స్టీల్ ప్లాంటులో చేరి మూడేళ్లవుతోంది. వాల్వుకీ, దాన్ని నొక్కి తెరిచే రాకర్‌కీ మధ్య ఖాళీ, అంటే టాపెట్ల గ్యాపు, ఎందుకుండాలో పరీక్షలో రాసినవాణ్ణే. ఖాళీ ఉన్నచోట చిన్న టకటక ఉంటుందని, అది పోతే ఖాళీ పోయినట్టేనని ఆ చెవి చెప్పాక ఒక్కసారిగా వెలిగింది.

అయినా ఆయన స్పానర్ పట్టలేదు. ముందు నాన్నని ఎక్కించుకుని సింహాచలం దాకా పోయి రమ్మన్నారు. బండికి జబ్బు వచ్చినప్పుడే చూడాలి, లేనప్పుడు చూస్తే ఏం దొరుకుతుందని ఆయన మాట. తిరిగొచ్చేసరికి బండి వణుకుతూనే ఉంది. చెక్కపిడి ఉన్న పట్టకారుతో ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే లాగి పెట్టారు. ఒకటో వైరు లాగితే ఇంజిను ఇంకా కుంటింది. నాలుగోది లాగినా అంతే. రెండు, మూడు లాగితే పెద్ద తేడా లేదు. అంటే ఆ రెండూ పనిచేయకుండా బరువు మాత్రం మోయిస్తున్నాయి. ఆ తర్వాత సైలెన్సర్ గొట్టం చివర కాగితం ముక్క పట్టుకోమని నాకిచ్చారు. పొగ దాన్ని బయటికి తోస్తూ, మధ్యమధ్యలో ఠక్కున లోపలికి లాక్కుంది. ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోకపోతే పిస్టన్ కిందికి దిగేటప్పుడు సైలెన్సర్ వైపు నుంచి గాలి పీల్చుకుంటుందట. ఖరీదైన పరికరం చెప్పేదే ఆ కాగితం ముక్కా చెప్పింది.

చేతులు కాలుతున్నా గుడ్డ పట్టుకుని ప్లగ్గులు విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపెట్టమని, సెల్ఫ్ కొట్టించి గేజి చూశారు. ఒకటోది 118 పీఎస్ఐ. నాలుగోది 116. రెండోది 70, మూడోది 76. ఆ పెద్ద షెడ్డులో చల్లని ఇంజిను మీద బాగున్నాయన్న సిలిండర్లే ఇవి.

పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే చాలామంది హెడ్ గాస్కెట్ ఆ రెంటి మధ్య కాలిందంటారు. నేనూ అదే అన్నాను. ఆయన కాదనలేదు, చూద్దామన్నారు. రెండో సిలిండర్ పిస్టన్ పైకి తెచ్చి, బండి గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, పాత ప్లగ్గు పొట్ట తొలిచి గొట్టం అతికించిన పనిముట్టు ఒకటి బిగించారు. దానికి పక్కనున్న పంచరు షాపు గాలి పెట్టించారు. ఆ గాలి ఎక్కడినుంచి పారిపోతుందో వినడమే పరీక్ష. కార్బురేటర్‌లో బుస్సుమంటే ఇన్‌లెట్ వాల్వు. ఆయిలు పోసే మూతలో వినిపిస్తే రింగులు. రేడియేటర్‌లో బుడగలొచ్చినా, పక్క ప్లగ్గు కన్నంలోంచి వచ్చినా గాస్కెట్. మాకు మిగతా ఎక్కడా ఏమీ లేదు. వెనక సైలెన్సర్ దగ్గర కూర్చున్న కుర్రాడు మాత్రం "వస్తంది, వస్తంది" అని అరిచాడు. నాకు ఆ షెడ్డులో దొరికిన చదువు ఏ క్లాసులోనూ దొరకలేదు. దేన్నీ మార్చకుండానే తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించవచ్చని మొదటిసారి కళ్లారా చూశాను.

రాకర్ కవరు విప్పారు. ఈ ఇంజినులో ఎనిమిది వాల్వులు వరసగా ఉంటాయి. మొదట ఎగ్జాస్టు, తర్వాత రెండు ఇన్‌లెట్లు, నడుమ రెండు ఎగ్జాస్టులు, మళ్లీ రెండు ఇన్‌లెట్లు, చివర ఎగ్జాస్టు. గ్యాపు చూడడానికి తొమ్మిది లెక్క ఉంది. ఎనిమిదోది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది చూడాలి, ఆరోది తెరిస్తే మూడోది. రెండూ కలిపితే తొమ్మిది రావాలి. గ్యాపు 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను ఉండాలి. ఇన్‌లెట్లు అన్నీ దాదాపు అంతే ఉన్నాయి. రెండు చివరలనున్న ఎగ్జాస్టులూ 10కి తగ్గాయి. నడుమనున్న నాలుగు, ఐదు నంబర్లలో ఫీలర్ గేజిలోని అన్నిటికన్నా సన్నటి రేకు కూడా దూరలేదు. రెండో సిలిండరుదీ మూడో సిలిండరుదీ ఎగ్జాస్టు వాల్వులు అవే. రెండూ ఒకే దారిలోకి పొగ వదులుతాయి కాబట్టి ఆ చోటే హెడ్డులో అన్నిటికన్నా వేడి. ఇంజిను చల్లగా ఉన్నంతసేపు వెంట్రుకవాసి సందు మిగిలేది. వేడెక్కి వాల్వు కాడ సాగగానే ఆ సందు కూడా పోయి, వాల్వు తలుపు ఓరగా తెరిచినట్టు ఉండిపోయేది. ఘాట్ ఎక్కేటప్పుడు వేడి ఇంకా ఎక్కువ, అందుకే అక్కడ మరీ చచ్చిపడింది. తడిగుడ్డ చేసిన మేలల్లా అరగంట చల్లారనివ్వడమే.

గ్యాపు సరిచేసి మళ్లీ గేజి పెడితే 95 దాకా లేచింది, అక్కడే ఆగింది. అంచులు అప్పటికే కాలడం మొదలయ్యాయన్నమాట. హెడ్డు దింపక తప్పదన్నారు. దింపాక చూస్తే వాల్వులు అరిగి కాదు, అవి కూర్చునే సీట్లే హెడ్డు ఇనుములోకి దిగిపోయాయి. సీటు లోపలికి పోయినకొద్దీ వాల్వు పైకి జరిగి, రాకర్‌కి తగులుకుంటుంది.

"పెట్రోలు మారింది బాబూ," అన్నారు మేస్త్రీ గారు. "సీసం తీసేసినారు కదా. అప్పటినుంచి ఇలాటివి వస్తన్నాయి నాకు."

ఆయన చెప్పింది నిజం. పెట్రోలులో సీసం కలిపితే ఇంజిను నాక్ ఆగుతుందని అమెరికాలో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన థామస్ మిడ్గ్లీ 1921లో కనుక్కున్నాడు. అనుకోకుండా దానికి ఇంకో ఉపయోగం కలిసొచ్చింది. కాలిన సీసం వాల్వు సీటు మీద పలచటి పొరలా అంటుకుని, ఇనుముకీ ఇనుముకీ మధ్య అడ్డుగా నిలిచేది. ఆ పొర లేకపోతే ఎర్రగా కాలిన వాల్వు మెత్తటి పోత ఇనుము సీటుకి క్షణకాలం అతుక్కుని, లేచేటప్పుడు రేణువులు పీక్కుపోతుంది. మన దేశంలో 1995లో ముందు నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు వచ్చింది, 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా అదే. ఆ నిర్ణయం సరైనది. ఆ పొగ పీల్చిన పిల్లల రక్తంలోకి, మెదడులోకి చేరిన విషం అది. కార్లకి సీసం పెట్రోలు అమ్మడం ప్రపంచంలో చివరగా అల్జీరియా ఆపేసరికి 2021 వచ్చింది. ఇంకా ముందే పోవలసిందని నా గట్టి నమ్మకం. మన దగ్గర అది పోయేటప్పుడు, పాత ఇంజిన్లున్నవాళ్లు టాపెట్లు తరచు చూపించుకోవాలని పెట్రోలు బంకుల్లో ఒక బోర్డు పెట్టి ఉంటే ఎంతోమందికి కాయిళ్ల డబ్బు మిగిలేది.

హెడ్డు లేత్ షాపుకి పోయింది. నేను సెలవు పెట్టి పక్కనే నిలబడ్డాను. దిగిపోయిన సీట్లని గుండ్రంగా తొలిచి, గట్టి ఉక్కు రింగులు దించారు. రింగుల్ని ఐసులో పెట్టి, హెడ్డుని వేడిచేశారు. కుంచించుకున్న రింగు సాగిన గుంటలో దిగి, రెండూ మామూలు వేడికి వచ్చాక ఇక కదలదు. నాలుగు ఎగ్జాస్టులకీ కొత్త వాల్వులు వేసి, పేస్టు రాసి చేత్తో అరగదీసి, బోర్లించి కిరసనాయిలు పోసి చూశారు. చుక్క కారలేదు. మేస్త్రీ గారు మాత్రం అది అలాగే కాసేపు ఉంచమని, టీ తాగొచ్చి మళ్లీ చూశాకే హెడ్డు బండి మీదికి ఎక్కించారు. నట్లు నడుమనుంచి మొదలుపెట్టి బయటికి, కొంచెం కొంచెంగా బిగించారు.

బండి వేడెక్కేదాకా తిప్పి తెచ్చి గేజి పెడితే నాలుగూ 120కి అటూ ఇటూ. టకటకమని టాపెట్లు వినిపిస్తున్నాయి. నాన్న ఆ చప్పుడు వింటూ బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. కూలి ఎంతని అడిగితే ఆయన చెప్పిన మొత్తం మేం అప్పటిదాకా విడిభాగాలకి పోసినదాంట్లో సగం కూడా లేదు. నాన్న ఇంకొంచెం కలిపి ఇవ్వబోతే తీసుకోలేదు.

"ఐదువేలు తిరిగాక తీసుకురండి. నాలుగు, ఐదు గ్యాపులు కదిలాయేమో చూడాల. రింగు పట్టిందో లేదో అప్పుడు గాని తెలీదు."

దసరాల ముందు తీసుకెళ్లాం. మళ్లీ సింహాచలం దాకా తిప్పించి, వేడి మీదే కవరు విప్పారు. నాలుగోదాంట్లో 15 థౌ రేకు దూర్చి, లాగి, నాకిచ్చి నన్నూ లాగి చూడమన్నారు. కాస్త పట్టి పట్టి వచ్చింది. ఐదోది కూడా అంతే. "కదల్లేదు," అని ఆయన కవరు మూసేశారు.