మోటారు సైకిలును వంటింటి తర్కమును

యంత్రము మొరాయించినప్పుడు పురుషుడు దానిని తన్నుటయు, స్త్రీ గడప కీవల నిలిచి చూచుటయు మన యిండ్లలో ఆచారమైపోయినది. తన్నుటకు బలము చాలును. ఏల మొరాయించెనో తెలిసికొనుటకు బలము చాలదు, విచారణ వలయును. విచారణ మనకు క్రొత్త విద్య గాదు. పెరుగు తోడుకొననినాడు మనమేమి చేయుదుము? పాలు మరీ వేడిగా నుండగా తోడు వేసితిమా, మరీ చల్లారినపిదప వేసితిమా, తోడు పులిసినదా, రాత్రి చలి హెచ్చుగా నుండెనా యని యొక్కొక్క కారణమునే పరీక్షింతుము. పాలను, గిన్నెను, తోడును ఒక్కనాడే మార్చివేసిన గృహిణికి మరునాడు పెరుగు తోడుకొనినను, ఎందువలన తోడుకొన్నదో తెలియదు. తెలియని లాభము మరల నష్టమగుటకు ఎంతో కాలము పట్టదు.

నేను బడికి పోయి చదివినదానను గాను. మా తండ్రిగా రింటనే నాకు కావ్యములు చెప్పి, పిదప తర్కసంగ్రహము మొదలుపెట్టించిరి. దానిని రచించిన అన్నంభట్టు మన యాంధ్రుడే. కొండపై పొగను చూచి అచ్చట నిప్పు కలదని యూహించుట అందలి ప్రసిద్ధమైన యుదాహరణము. పొగయున్న చోట నిప్పుండు ననుటకు దృష్టాంతముగా శాస్త్రకారులు చూపినది రాజసభను గాదు, యజ్ఞశాలను గాదు, వంటయింటిని! నిప్పు లేని చోట పొగయు లేదనుటకు చెరువును చూపిరి. ఒకటి యున్నచో రెండవది యుండుట అన్వయము. ఒకటి లేనిచో రెండవది లేకుండుట వ్యతిరేకము. ఈ రెంటిని పట్టుకొనినచో ఏ యంత్రపు రోగమైనను చాల వరకు తెలియును. ఇది నాకు పుస్తకమున దెలిసినది పదియేండ్ల ప్రాయమున. చేతికి దెలిసినది 2024వ సంవత్సరము మార్చి నెలలో, హిమాలయములకావల.

మావారు కేంద్రప్రభుత్వపు బడిలో గణితోపాధ్యాయులు. బదిలీపై మేము లడాఖు దేశమందలి లేహ్ పట్టణమునకు పోయితిమి. అది సముద్రమట్టమునకు సుమారు 3,500 మీటర్ల యెత్తున నున్నది. చలికాలపు రాత్రులలో ఉష్ణమానము సున్నకు దిగువ 15, 20 డిగ్రీల వరకు జారుచుండును. అందుచేత అచ్చటి బడులకు వేసవి సెలవులకంటె చలికాలపు సెలవులే దీర్ఘములు. డిసెంబరులో మోటారు సైకిలును ఇంటి ప్రక్క రేకులకొట్టమున నిలిపి, మేము గోదావరి తీరమునకు వచ్చితిమి. మరల మార్చి మొదట విమానమున లేహ్ చేరితిమి.

అంత యెత్తునకు ఒక్కమారుగా చేరినవారు రెండు దినములైనను శ్రమ చేయక విశ్రమింపవలెనని వైద్యులు చెప్పుదురు. అచ్చటి గాలి యొత్తిడి సముద్రతీరమున నున్నదానిలో సుమారు మూడింట రెండు వంతులే. ముం దచ్చట కాపురమున్నవారికైనను, క్రింద కొన్ని వారములుండి వచ్చినచో ఆ యలవాటు నశించును. తలనొప్పి, వాంతి, నిద్రలేమి మొదలుకొని, అశ్రద్ధ చేసినచో ఊపిరితిత్తులకు నీరు పట్టి ప్రాణాపాయము వరకు రావచ్చును. ఈ సంగతి మావారెరుగనిది గాదు. కాని మూడు దినములలో బడి తెరచుదురు. మా యింటికిని బడికిని దూరము ఏడు కిలోమీటర్లు. చేరిన మరునాటి యుదయముననే వారు కొట్టములోనికి బోయి కిక్కు కొట్ట మొదలిడిరి. ఇరువది మారులు కొట్టిరి. యంత్రము దగ్గనైన లేదు. వారు మాత్రము దగ్గుచు గోడ కానుకొని కూలబడిరి. పెదవులు వెలవెలబోయినవి.

ఆ సమయమున నాకు మోటారు సైకిలు మీద కోపము రాలేదు, భయము కలిగినది. వారిని లోనికి గొనిపోయి పండుకొనబెట్టి, నీరు త్రాగించితిని. "ఏమండీ, ఇంక దీనిని తన్నవలదు. ఎల్లుండి ఎండలో కూర్చుండి దీనిని ప్రశ్నింతము" అంటిని. వారు నవ్వి, "అది నీకు బదులు చెప్పునా?" అనిరి. "బదులు చెప్పదు, సాక్ష్యము చెప్పును" అంటిని.

మెకానిక్కుకు ఫోను చేయగా, అతడు చలికి తన యూరు పోయి యింకను తిరిగి రాలేదు. మంచుచే కనుమలు మూసికొను కాలమున బయటినుండి వచ్చిన పనివా రనేకులు అచ్చట నిలువరు. "బ్యాటరీ పోయియుండును, ప్లగ్గును పోయియుండును, రెండును క్రొత్తవి వేయుడు" అని అతడు చూడకయే తీర్పు చెప్పెను. తోడును, గిన్నెను ఒక్కమారే మార్చుమన్నట్లున్నది గదా ఈ తీర్పు!

మూడవనాడు ఎండ వచ్చినపిదప పీటలు వేసికొని కూర్చుంటిమి. పెట్రోలు యంత్రము నడచుటకు ముఖ్యముగా మూడు వలయును: పెట్రోలు, గాలి, నిప్పురవ్వ. ఈ మూడింటిలో ఏది లేకున్నను అది కదలదు. మన పొయ్యికి కట్టె, గాలి, నిప్పు వలసినట్లే. కాబట్టి లేనిదేదియో కనుగొనవలెను.

మొదట తేలికవానిని చూచితిమి. హ్యాండిలు కుడివైపున యంత్రము నాపు ఎర్ర స్విచ్చి యొకటి కలదు. అది ఆపుస్థానమున నున్నచో ఎంత తన్నినను వ్యర్థము. అది సరిగానే యున్నది. ట్యాంకులో పెట్రోలు కలదు, నాబు తెరచియున్నది. గాలి వచ్చు పెట్టె మూత తీసి, ఎలుకలు గూడు కట్టినవేమో చూచితిమి. వడపోత శుభ్రముగానే యున్నది. పొగగొట్టమున కప్పిన గుడ్డను ముందే తీసితిమి.

తరువాత బ్యాటరీ. దానిని మేము పోవునప్పుడే విప్పి మా యింటి యజమానురాలి కప్పగించితిమి. అచ్చటివారు పెద్దలగు స్త్రీలను "ఆమా-లే" యని పిలుతురు. చలికాలమున వారి కుటుంబమంతయు వెచ్చని వంటయింటనే కాపురముండును. ఆమె దానిని పొయ్యికి దూరముగా ఒక మూల నుంచి కాపాడినది. మావారి సహోపాధ్యాయుని మల్టీమీటరు తెచ్చి కొలువగా 12.5 వోల్టులు చూపినది. హారను బిగ్గరగా మ్రోగినది. కాగా బ్యాటరీ నిర్దోషి. మెకానిక్కు తీర్పులో సగము అచ్చటనే కొట్టివేయబడినది.

పిదప ప్లగ్గును విప్పితిమి. ప్లగ్గు మోటారు సైకిలునకు నాలుక వంటిది. వైద్యుడు నాలుక చూచినట్లు దానిని చూడవలెను. ఇరువది మారులు కిక్కు కొట్టినపుడు దాని కొన తడిసి పెట్రోలు వాసన కొట్టినచో, పెట్రోలు చేరుచున్నది, రవ్వయే లోప మని యనుమానింపవచ్చును. లేదా పెట్రోలు మితిమీరినదని. మా ప్లగ్గు పొడిగా నున్నది, వాసనయు లేదు. దానిని టోపీలో బిగించి, లోహపు మరలు ఇంజను రేకులకు తగులునట్లు, ప్లగ్గు తీసిన రంధ్రమునకు దూరముగా నుంచి, కిక్కును చేతితోనే మెల్లగా నొక్కితిని. ప్లగ్గు తీసినపుడు లోపల గాలి బిగియదు గనుక చేతిబలమే చాలును. కొన యందు నీలిరంగు రవ్వ టిక్కుమని మెరసినది. ఈ పరీక్షను పెట్రోలు విప్పుటకు ముందే చేయవలెను. చేతనున్న లోహభాగమును ముట్టరాదు. దగ్గర ఒలికిన పెట్రోలుగాని తడిగుడ్డగాని యుండరాదు.

రవ్వ కలదు, గాలి కలదు. ప్లగ్గు పొడిగా నున్నది. కావున పెట్రోలే లోపలికి చేరుటలేదని యూహించితిని. ఊహ యొకటి, నిర్ణయ మొకటి. నిర్ణయమునకు పరీక్ష వలయును. చిన్న చెంచాలో సగము పెట్రోలును ప్లగ్గు రంధ్రమున బోసి, ఒలికినది తుడిచి, ప్లగ్గు బిగించి, మావారిని కూర్చుండబెట్టి నేనే కిక్కు కొట్టితిని. రెండవ దెబ్బకు యంత్రము "భడభడ" మని రెండు మూడు క్షణములు మ్రోగి, ఆగిపోయినది! మావారు "అయ్యో, ఆగెనే!" అనిరి. నాకు మాత్రము అది నడిచినంత సంతోషము. పెట్రోలు పోసినచో మండినది. అది తీరగనే ఆరినది. అన్వయమును వ్యతిరేకమును రెండును ఒక్క చెంచాతో సిద్ధించినవి.

ఇంక మిగిలినది త్రోవ వెదకుట. ట్యాంకు నుండి నాబు వరకు పెట్రోలు వచ్చుచున్నది. గొట్టము విప్పగా ధారగా బడినది. కార్బురేటరు అడుగున గిన్నెవంటి భాగము కలదు. దాని మర సడలించి, క్రింద గాజుపాత్ర పట్టితిమి. దిగినది తేనీటి రంగున నుండి, పెట్రోలు వాసన గాక పాత రంగుడబ్బా వాసన కొట్టినది. పెట్రోలు నిలువయున్నపుడు తేలికభాగము ఆవిరియైపోవును. మిగిలినది గాలితో గలిసి జిగురగును. నేతిగిన్నె అడుగున మడ్డి పేరుకొన్నట్లు ఆ జిగురు సన్నని మార్గములలో పేరుకొనును. మెకానిక్కులు స్లో జెట్టు అను ఇత్తడి ముక్క రంధ్రము అర మిల్లీమీటరునకు మించదు. స్టార్టు చేయునపుడు పెట్రోలు ముఖ్యముగా దానిగుండనే పోవలెను. దానిని విప్పి ఎండకెదురుగా పట్టి చూచితిని; వెలుతురు కనబడలేదు. దోషి దొరికినది.

దానిని సూదితో పొడువరాదు. ఇత్తడి మెత్తనిది, రంధ్రము పెద్దదైనచో జీవితాంతము పెట్రోలు తాగుచుండును. కార్బురేటరు శుద్ధి చేయు ద్రావకము చిమ్మి, గంటసేపు నాననిచ్చి, సైకిలు పంపుతో గాలి కొట్టితిమి. రెండవమారు ఎండకు పట్టగా సూదిమొన యంత వెలుతురు చుక్కవలె మెరసినది. ట్యాంకులోని పాతది దింపి క్రొత్త పెట్రోలు పోసి, చోకు లాగి, రెండు నిమిషము లాగి కిక్కు కొట్టితిని. మూడవ దెబ్బకు నడచినది. చలిలో పెట్రోలు త్వరగా ఆవిరి గాదు కాబట్టి గాలి తగ్గించి పెట్రోలు పాలు హెచ్చించుటయే చోకు చేయు పని. వేడెక్కిన పిదప దానిని తప్పక మూయవలెను.

ఉప్పుతేనీరు తెచ్చిన ఆమా-లే, "ఈ విద్య యెచ్చట నేర్చితివి?" అని యడిగినది. "వంటయింటిలో" అని చెప్పితిని. ఆమె కది వింతగా దోచలేదు. బ్యాటరీని కాపాడినదియు వంటయిల్లే గదా!

వాహనమును నెలల తరబడి నిలుపువారు ఈ జాగ్రత్తలు గైకొనవలెను. నాబు మూసి, కార్బురేటరు గిన్నె ఖాళీయగు వరకు యంత్రమును నడపి ఆపవలెను. ఇనుప ట్యాంకును నిండ పెట్రోలుతో నుంచినచో లోపల చెమ్మ పట్టి తుప్పెక్కదు. బ్యాటరీని విప్పి యింటిలోనుంచి నెలకొకమారు చార్జి చేయించవలెను. పూర్తిగా చార్జియున్న బ్యాటరీ లేహ్ చలికి గడ్డకట్టదు. చార్జి యుడిగినది సున్నకు కొద్ది డిగ్రీల దిగువనే గడ్డకట్టి పగులును. ఆయిలు డబ్బాపై అంకెప్రక్క నుండు డబ్ల్యు అను అక్షరము చలికాలమునకు గుర్తు. ఆ ముందరి అంకె ఎంత తక్కువయో చలిలో ఆయిలు అంత పలుచగా నుండును. పొగగొట్టమునకు గుడ్డ కుక్కినచో దాని కొనను హ్యాండిలుకు కట్టియుంచుట మేలు, మరపు రాకుండ.

మన దేశమున మంచు లేదు గదా, ఇది మనకేల యని తలపవలదు. కుమారుడు పరదేశమునకు పోగా వసారాలో నిలిచిపోయిన మోటారు సైకి లెన్ని యిండ్లలో లేదు? చలి లేకున్నను పెట్రోలు ముసలిదగును, బ్యాటరీ నీరసించును. 2020 ఏప్రిలు తరువాత వచ్చిన బండ్లలో చాలవరకు కార్బురేటరు లేదు. పెట్రోలును విద్యుత్తుతో చిమ్ముదురు. వానికి బ్యాటరీయే ప్రాణము. తాళము త్రిప్పగనే పంపు "జుం" మనుచున్నదా యని చెవియొగ్గి వినవలెను. సాక్షులు మారుదురుగాని విచారణ మారదు.

భర్తగాని బిడ్డగాని యంత్రముతో పోరాడుచు అలసిపోవునపుడు మనము గడప కీవల నిలువ నక్కరలేదు. ప్రక్కన పీట వేసికొని, "ఏది యున్నది? ఏది లేదు?" అని యొక్కొక్క ప్రశ్నయే యడుగుదము. వంటయిల్లు దృష్టాంతమని శాస్త్రమే చెప్పినపుడు, ఆ దృష్టాంతమునందు నిత్యము మెలగు మనకు సంకోచమేల?