పచ్చిపిండికి ఏజెన్సీ ఏంటి, సిటీ ఏంటి?



మా హుకుంపేట తమ్ముడికి బ్యాంకు ఉద్యోగం వచ్చింది. మొదటి జీతం ఇంకా చేతికి రాలేదు. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుల్తో పార్టీ ఇస్తానన్నాడు. ఎక్కడికి అంటే, వైజాగ్‌లో మేం అద్దెకుండే వీధి చివర ఉన్న పిజ్జా షాపే అన్నాడు. రెండేళ్ళు కోచింగ్‌కి వెళ్తూ వస్తూ బయట్నుంచి చూసిన షాపు అది. నలుగురం వెళ్ళాం.

రెండు పిజ్జాలు, ఒక గార్లిక్ బ్రెడ్ చెప్పాం. షాపాయన మొదట బాగానే మాట్లాడాడు. ఏ ఊరని అడిగితే తమ్ముడు సంతోషంగా "హుకుంపేట, పాడేరు దగ్గర" అని చెప్పాడు. నలభై నిమిషాలకి పిజ్జా వచ్చింది. అంచులు మాడిపోయాయి. మధ్యలో పిండి పచ్చిగా ఉండి వేలికి అంటుకుంటోంది. పైన వేసిన మొక్కజొన్న గింజలు చల్లగా ఉన్నాయి.

"అన్నా, ఇది లోపల కాలలేదు" అన్నాను.

ఆయన ప్లేటు వైపు కూడా చూడలేదు. "మీ ఏజెన్సీ వాళ్ళకి కొత్త కదమ్మా, పిజ్జా ఇలాగే ఉంటుంది" అన్నాడు.

తమ్ముడి మొహం మాడిపోయింది. "వదిలేయక్కా, తినేసి పోదాం" అన్నాడు మెల్లగా. పిజ్జా బాగోలేకపోతే పోయేది డబ్బే. ఆ మాటకి వాడి సంతోషం మొత్తం పోయింది. అందుకే నేను వదల్లేదు.

పచ్చిపిండిని పచ్చిపిండి అని గుర్తుపట్టడానికి ఇటలీ వెళ్ళక్కర్లేదు. మా అమ్మ చోడిరొట్టె కాల్చేటప్పుడు మంట ఎక్కువైతే పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. పొయ్యి దగ్గర పెరిగిన ఏ పిల్లకైనా తెలిసిన విషయం ఇది. అసలు పిజ్జా పుట్టింది కూడా గొప్పోళ్ళ ఇళ్ళల్లో కాదు. ఇటలీలోని నేపుల్స్ ఊళ్ళో పేదవాళ్ళు వీధిలో కొనుక్కు తిన్న రొట్టె అది. కట్టెల పొయ్యిలో, 400 డిగ్రీలు దాటిన వేడిలో, ఒకటి ఒకటిన్నర నిమిషంలో కాలిపోతుంది. ఆ ఊరి వాళ్ళు పిజ్జా చేసే పద్ధతిని 2017లో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. పేదోళ్ళ తిండికి ఆ గౌరవం దక్కితే, దాన్ని అమ్ముకునేవాడు మనల్ని తక్కువ చేసి మాట్లాడతాడా?

గొంతు పెంచకుండానే అడిగాను. "అన్నా, మీరే ఒక ముక్క తిని చెప్పండి." ఆయన తినలేదు. ప్లేటు తీసుకెళ్ళి మళ్ళీ కాల్చి తెచ్చాడు. అప్పుడూ అంతంతమాత్రమే.

బిల్లు చూస్తే తిన్నదానికి 900, సర్వీస్ ఛార్జి 90, పన్ను 49.50. సర్వీస్ ఛార్జి తప్పనిసరి కాదని 2022 జూలైలోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే ఖాయం చేసింది. ఆ మాటే చెప్పాను. కాసేపు గొణిగి 90 తీసేశాడు, దాని మీద వేసిన పన్నూ తగ్గించి 945 తీసుకున్నాడు. సారీ మాత్రం చెప్పలేదు.

ఇంటికొచ్చాక తమ్ముడికి ఒకటే చెప్పాను. రేపు నీ కౌంటర్ దగ్గరికి మన పెద్దవాళ్ళు పాస్‌బుక్ పట్టుకుని వస్తారు. ఫారం నింపడం రాదని భయపడుతూ నిలబడతారు. "మీకు తెలీదులే" అనే మాట నీ నోట్లోంచి రాకూడదు.

సిటీలో చదువుకుంటున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, బిల్లు చదవకుండా డబ్బులివ్వకండి. దాని మీద 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు ఉందో లేదో చూడండి. అన్యాయం అనిపిస్తే 1915కి ఫోన్ చేయండి, అది వినియోగదారుల హెల్ప్‌లైన్. డబ్బు కట్టి తింటున్నాం, అడిగే హక్కు మనకుంది. ఏ ఊరని అడిగితే మాత్రం ఊరి పేరు గట్టిగానే చెప్పండి.

జై ఆదివాసీ!