వెలుగుకూ హద్దుండాలి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగితే ముందు వెనుకాడాను. మన పూర్వ విద్యార్థుల్లో టీచర్లున్నారు, ఎస్సైలున్నారు. నేను పెళ్ళిళ్ళకు, కాలేజీ ఫంక్షన్లకు లేజర్ లైట్లు నడిపేవాణ్ణి. అయినా నా పని గురించి తమ్ముళ్ళకు చెప్పాల్సిన మాట ఒకటుంది.

స్టేజీ మీద ఆకుపచ్చ గీతలు గాలిలో నిలబడగానే అందరూ ఈలలు వేస్తారు. నిజానికి శుభ్రమైన గాలిలో ఆ కిరణం పక్కనుంచి అంతగా కనపడదు. పొద్దున్నే మన వంటగదిలో కట్టెల పొగ మధ్య ఎండ చారలా కనిపించేది, గుర్తుందా? ఇదీ అంతే. అందుకే ముందుగా మెషిన్‌తో సన్నగా పొగ వదులుతాం. లేజర్ పెట్టెలో రెండు బుల్లి అద్దాలుంటాయి. ఒకటి కిరణాన్ని అడ్డంగా, ఇంకొకటి నిలువుగా తిప్పుతుంది. తిరిగేది ఒక్క చుక్కే. ఆ వేగాన్ని కన్ను అందుకోలేదు కాబట్టి మనకు వలయం, పువ్వు, అక్షరం కనిపిస్తాయి.

అయితే ఆ కన్నుకే ప్రమాదం. భూతద్దంతో ఎండలో కాగితం కాల్చే ఆట మనందరం ఆడిందే. కంట్లోని కటకం కూడా లేజర్ కిరణాన్ని అలాగే రెటీనా మీద ఒక్క బిందువుకు చేరుస్తుంది. రెటీనాకు నొప్పి తెలియదు, కాబట్టి కాలిన సంగతి అప్పటికప్పుడు తెలియకపోవచ్చు. 500 మిల్లీవాట్లు దాటిన లేజర్లను అత్యంత ప్రమాదకరమైన నాలుగో తరగతిలో చేర్చారు. పెద్ద స్టేజీలకు వాడేవి ఎన్నో వాట్లుంటాయి.

2008 జూలైలో రష్యాలోని కిర్జాచ్ దగ్గర ఆరుబయట సంగీత ఉత్సవం జరిగింది. వాన వల్ల గుడారాలు వేశారు. ఆకాశంలోకి పోవాల్సిన కిరణాలు జనం మీద పడి సుమారు 30 మందికి చూపు దెబ్బతిందని వార్తలొచ్చాయి.

ఒక ఊరేగింపులో నిర్వాహకుడు "మొహాల మీద కొట్టు బాబూ, అప్పుడే ఊపొస్తుంది" అన్నాడు. ముందు వరుసలో తండ్రుల భుజాలెక్కిన పసిపిల్లలున్నారు. నేను కొట్టలేదు. సగం డబ్బులే చేతిలో పెట్టి పంపేశారు. ఆ నెల ఇంటి అద్దెకు ఇబ్బంది పడ్డాను. కానీ రాత్రి నిద్ర పట్టింది.

అమెరికా నిబంధనల్లో జనం నిలబడే నేలకు కనీసం 3 మీటర్ల పైనుంచే కిరణం పోవాలని ఉంది. భుజాల మీది పిల్లవాడి కళ్ళు ఎంత ఎత్తులో ఉంటాయో లెక్క వేయండి, ఆ నియమం ఎందుకో అర్థమవుతుంది. నేను షోకి ముందు కిరణం దారంతా చూసుకుంటాను. ఆపే బటన్ మీంచి చెయ్యి తియ్యను.

తమ్ముళ్ళూ, నిమజ్జనానికి వెళ్ళినప్పుడు లేజర్ మొహం మీదికి వస్తే వెనక్కి తిరగండి, చిన్నపిల్లల్ని పక్కకు తీసుకెళ్ళండి. సెల్‌ఫోన్ కెమెరా కూడా దానికి పాడవుతుంది. తర్వాత కంటి ముందు మచ్చ కనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా కంటి డాక్టరుకు చూపించుకోండి. ఈ పని మీద ఇష్టముంటే తప్పకుండా రండి. అయితే కాంతి పాఠం బాగా చదువుకుని రండి.