డెల్ఫ్ట్ కాలువల వొడ్డున

హాలెండు దేశంలో గాలికి వేళాపాళా లేదు. మీరు తూర్పుకు పోతే తూర్పునుంచి, పడమటికి పోతే పడమటినుంచి ఎదురుగాలే కొడుతుంది. దానికి తోడు సన్నని తుంపర. ఆ గాలిలో, ఆ తుంపరలో, వీపున బొమ్మల గొట్టం కట్టుకుని, ఒక చేత్తో సైకిలు నడుపుతూ, రెండో చేత్తో అట్టముక్కలతో చేసిన ఇల్లు పట్టుకుని పోయే మనిషి కనిపిస్తే, డెల్ఫ్ట్‌లో ఆర్కిటెక్చరు చదివే విద్యార్థి అని కళ్ళు మూసుకుని చెప్పవచ్చు. రెండేళ్ళుగా నేనూ ఆ గుంపులోదాన్నే.

ఇళ్ళు కట్టే చదువు చదవడానికి హాలెండు పోతున్నానని చెప్పినప్పుడు మా బంధువుల్లో ఒకావిడ, "అయితే మా వంటిల్లు ఆగ్నేయంలో లేదు, ఏమైనా దోషమంటావా?" అని అడిగింది. ఆ వాస్తు వేరు, నా చదువు వేరు అని ఎంత చెప్పినా ఆవిడకు నమ్మకం కుదరలేదు. హైదరాబాదులో అయిదేళ్ళు చదివి, రెండేళ్ళు ఒక ఆఫీసులో బొమ్మలు గీసి, బ్యాంకులో అప్పు చేసి ఇక్కడికి వచ్చాను. ఐరోపా దేశాల పిల్లలు కట్టే ఫీజుకు మనం ఎన్నో రెట్లు కట్టాలి. అందుచేత ఇక్కడ గడిపే ప్రతి దినానికీ ఒక ఖరీదు వున్నదన్న సంగతి రాత్రి దీపం ఆర్పేటప్పుడు జ్ఞాపకం వస్తూ వుంటుంది.

నీళ్ళ మీద వూరు

డెల్ఫ్ట్ హేగ్ నగరానికీ రోటర్‌డాం రేవుకూ నడుమ వుంది. రైల్లో ఎటు పోయినా పావుగంట. జనాభా సుమారు లక్ష. వూరి నిండా కాలువలు, కాలువల మీద వంతెనలు, వంతెనల కమ్ములకు సైకిళ్ళు. ఈ దేశంలో మనుషులు కోటీ ఎనభై లక్షలైతే సైకిళ్ళు అంతకన్నా ఎక్కువ.

దేశంలో నాలుగోవంతు నేల సముద్రమట్టానికి దిగువన వుంది. గట్లు వేసి, నీళ్ళు తోడి, ఆరబెట్టుకున్న నేల అది. వెనుక గాలిమరలు తోడేవి, ఇప్పుడు పంపులు తోడుతున్నాయి. మాది కోనసీమ. కాలువలు, గట్లు, లాకులు మాకు కొత్త కావు. అయితే మా కాలువ పొలానికి నీళ్ళు తెస్తుంది, వీళ్ళ కాలువ పొలంలో నీళ్ళు పట్టుకుపోతుంది.

నేల మెత్తన. అందుకని పాత ఇళ్ళను కొయ్య గుంజలు లోతుగా దిగ్గొట్టి వాటి మీద కట్టారు. ఆమ్‌స్టర్‌డాంలో 17వ శతాబ్దంలో కట్టిన రాజభవనం కింద 13,659 గుంజలున్నాయి. కొయ్య నీళ్ళలో కుళ్ళిపోదా అని మనకు సందేహం. పూర్తిగా నీళ్ళలో మునిగి వున్నంతకాలం శతాబ్దాలైనా చెక్కుచెదరదు. భూమిలో నీటిమట్టం తగ్గి గుంజ తలకు గాలి తగిలిందా, పుచ్చిపోవడం మొదలుపెడుతుంది. కనుక అక్కడ ఇంటివాళ్ళకు నీళ్ళు ఎక్కువైనా బెంగే, తక్కువైనా బెంగే.

మెత్తని నేల ఎంత పని చేస్తుందో చూడాలంటే వూళ్ళోని పాత చర్చి దగ్గరకు వెళ్ళాలి. దాని గోపురం 75 మీటర్ల ఎత్తు. పూడ్చిన కాలువ మీద పునాది పడడంతో కడుతూ వుండగానే వొరగడం మొదలుపెట్టింది. ఇప్పుడు శిఖరం సుమారు రెండు మీటర్లు పక్కకు వొరిగి వుంది. దాని కిందనే జనం బల్లలు వేసుకుని కాఫీ తాగుతూ వుంటారు. చిత్రకారుడు వెర్మీర్ ఈ వూళ్ళోనే 1632లో పుట్టి, 1675లో చనిపోయి, ఆ చర్చిలోనే సమాధి అయ్యాడు. ఆయన బొమ్మ ఒక్కటైనా ఇప్పుడు డెల్ఫ్ట్‌లో లేదు. డెల్ఫ్ట్ వూరిని ఆయన గీసిన చిత్రాన్ని చూడాలంటే హేగ్ వెళ్ళవలసిందే.

ఇక్కడి ఇళ్ళు సన్నగా, ఎత్తుగా, ఒకదాన్నొకటి ఆనుకుని వుంటాయి. మెట్లు ఎంత నిటారుగా వుంటాయంటే వాటిని నిచ్చెన అనడమే న్యాయం. మరి బీరువా మేడ మీదకు ఎలా చేరుతుంది? ప్రతి ఇంటి నెత్తినా ముందుకు పొడుచుకువచ్చిన ఒక కొక్కెం వుంటుంది. దానికి తాడు తగిలించి, సామాను వీధిలోంచి పైకి లాగి, కిటికీలోంచి లోపలికి తీసుకుంటారు.

వచ్చిన కొత్తలో గది దొరకడం ఒక స్వయంవరం. ఇళ్ళ కొరత చెప్పనలవి కాదు. నలుగురైదుగురు విద్యార్థులు కలిసి వుండే ఇంట్లో ఒక గది ఖాళీ అయితే పదిహేనుమందిని టీకి పిలిచి, వరసగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగి, వాళ్ళకు నచ్చినవాళ్ళను ఎన్నుకుంటారు. నన్ను నాలుగో ఇంటివాళ్ళు ఎన్నుకున్నారు. నేను వంట చేస్తానని చెప్పడమే అందుకు కారణమని తరువాత తెలిసింది.

కాఫీ యంత్రం, నారింజరంగు మెట్లు

మా విశ్వవిద్యాలయం 1842లో మొదలైంది. ఆర్కిటెక్చరు శాఖకు 1970 నుంచి పదమూడు అంతస్తుల సొంత భవనం వుండేది. 2008 మే 13న ఒక కాఫీ యంత్రంలోకి నీరు కారి, కరెంటు తీగెలు కలిసి, నిప్పంటుకుంది. ప్రాణనష్టం లేదు, కాని భవనం దక్కలేదు. విద్యార్థుల బొమ్మలూ, నమూనాలూ బూడిద అయ్యాయి. గ్రంథాలయంలోని పుస్తకాలలో చాలా భాగమూ, పేరుపొందిన శిల్పులు చేసిన కుర్చీల సేకరణా మాత్రం దక్కాయి.

తరువాత వాళ్ళు చేసిన పని నాకు బాగా నచ్చింది. గుడారాలు వేసి పాఠాలు చెబుతూనే, విశ్వవిద్యాలయానికే చెందిన ఒక పాత ఎర్ర ఇటుక భవనాన్ని నెలల్లో బాగుచేయించి, అదే ఏడాది అందులోకి మారారు. ముందు తాత్కాలికమే అనుకున్నారు. పాత గోడలలో కొత్త చదువు బాగా ఇమిడిపోయింది గనక అక్కడే స్థిరపడిపోయారు. పెరళ్ళలాగా ఖాళీగా వున్న చోట్ల అద్దాల కప్పులు వేసి పెద్ద హాళ్ళు చేశారు. ఒక హాల్లో నారింజరంగు మెట్ల కొండ వుంది. దాని మీద కూర్చుని ఉపన్యాసాలు వింటాం, రొట్టె తింటాం, ఒక్కొక్కప్పుడు నిద్ర కూడా పోతాం.

చదువు అన్నమాటేగాని, సగం పని వడ్రంగిది, సగం దర్జీది. కత్తి, అట్ట, జిగురు, పల్చని చెక్క. వారానికి రెండుసార్లు గురువుగారి ఎదుట బొమ్మలు గోడకు గుచ్చి, ఎందుకలా గీశామో చెప్పాలి. ఇక్కడ గురువులను పేరు పెట్టి పిలుస్తారు. "సార్" అంటే వెనక్కు తిరిగి ఎవరినా అని చూస్తారు. మార్కులు పదికి. ఆరు వస్తే గట్టెక్కినట్టు, ఎనిమిది వస్తే ఇంటికి ఫోను చేసుకోవచ్చు. పది వచ్చినవాళ్ళను నేను చూడలేదు.

మధ్యాహ్న భోజనం రెండు రొట్టెముక్కల నడుమ జున్ను. పిల్లలైతే రొట్టె మీద వెన్న రాసి చాకొలెట్ పలుకులు చల్లుకుంటారు. సాయంత్రం ఆరింటికల్లా రాత్రి భోజనం. ఎవరింటికైనా వెళ్ళాలంటే రెండు వారాల ముందు డైరీలో రాసుకోవాలి. డిసెంబరులో పొద్దున్న ఎనిమిదిన్నర దాటితేగాని తెల్లవారదు, నాలుగున్నరకల్లా దీపాలు పెడతారు. జూన్‌లో రాత్రి పదింటిదాకా వెలుతురే. ఆ డిసెంబరును ఈ జూను కోసమే భరిస్తారు కాబోలు.

హేగ్ సంతలో బెండకాయలు

పప్పూ కూరా కావాలంటే ట్రామెక్కి హేగ్ సంతకు పోతాను. బెండకాయలు, పచ్చిమిరపకాయలు, కందిపప్పు అన్నీ దొరుకుతాయి. అమ్మేవాళ్ళలో చాలామంది మొహాలు చూస్తే మనవాళ్ళే అనిపిస్తుంది. 1873లో కలకత్తా నుంచి లాలారూక్ అనే ఓడ కూలివాళ్ళను దక్షిణ అమెరికాలోని డచ్చివారి వలస సురినాముకు తీసుకుపోయింది. 1916 దాకా సుమారు 34 వేలమంది అలా వెళ్ళారు, ఎక్కువమంది బీహారు, ఉత్తరప్రదేశ్ వైపువాళ్ళు. 1975లో సురినాముకు స్వాతంత్య్రం వచ్చినప్పుడు వాళ్ళ సంతతివారెందరో హాలెండు చేరారు. నా దగ్గర బెండకాయలకు డబ్బు తీసుకునే ముసలమ్మ భోజపురిలాంటి యాసలో "బేటీ" అని పిలుస్తుంది. ఆమె ఇండియా చూడలేదు. ఆమె తల్లి కూడా చూడలేదట.

తెలుగుదేశానికీ డెల్ఫ్ట్‌కూ పాత బంధుత్వం మరొకటి వుంది. 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీకి ఆరు శాఖలుండేవి, అందులో ఒకటి డెల్ఫ్ట్. ఆ కంపెనీ మచిలీపట్నంలో, పాలకొల్లులో, భీమునిపట్నంలో వర్తకం చేసింది. మన అద్దకపు గుడ్డలు ఓడలకెక్కి ఇక్కడి ఆడవాళ్ళ రవికలూ, దుప్పట్లూ అయ్యాయి. ఇక్కడి మ్యూజియాల్లో అద్దాల వెనుక వాటిని చూస్తాం. నేను కాలేజీకి పోయే దారిలో కాలువ వొడ్డున ఆ కంపెనీ పాత భవనం ఇంకా వుంది. భీమిలిలో వాళ్ళ సమాధులు వున్నట్టు.

మండువా లోగిలి

రెండో ఏడాది నేను పాత కట్టడాలను బాగుచేసే శాఖలో చేరాను. మొదటి వారం మా గురువుగారు ఒక్కొక్కరినీ తాము పుట్టి పెరిగిన ఇంటిని జ్ఞాపకం మీద గీయమన్నారు. నేను మా వూళ్ళో మామ్మ ఇల్లు గీశాను. నడుమ ఆకాశానికి తెరిచిన మండువా, చుట్టూ నాలుగు వైపులనుంచీ దానిలోకి వాలిన పెంకుల కప్పు, పదహారు టేకు స్తంభాలు, వీధి అరుగులు, గాదెల గది. వానాకాలంలో కప్పు నాలుగు మూలలా ధారలు కడితే కింద గుండిగలు పెట్టేవాళ్ళం.

సరిగ్గా ఆ నెలలోనే నాన్నగారు ఫోను చేశారు. మామ్మ పోయి మూడేళ్ళయింది, ఇల్లు తాళం వేసి వుంది. అన్నదమ్ములు ముగ్గురూ కూర్చుని ఇల్లు విప్పించి, కలప అమ్మి, స్థలం పంచుకుందామనుకున్నారు. పాత కలప వర్తకుడు వచ్చి స్తంభాలకూ, వీధి తలుపుకూ బేరం కూడా పెట్టి వెళ్ళాడట. "ఏం చెయ్యమంటావమ్మా? స్తంభాలు పుచ్చిపోతున్నాయి" అన్నారు.

మా గురువుగారు పాత ఇంటి విషయంలో మూడు ప్రశ్నలు వేసుకోమంటారు. పాడైంది ఎంత? పాడవడానికి కారణం ఏమిటి? ఇక ముందు అందులో ఎవరు వుంటారు? నేను మొదటి రెంటినీ పట్టుకున్నాను. మా తమ్ముడు టేపు పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళాడు. అక్కడ పొద్దున్న ఆరున్నర అయితే ఇక్కడ రాత్రి రెండు గంటలు. ఫోనులో వాడు కొలతలు చెబుతూ వుంటే నేను రాసుకున్నాను. వాడు స్క్రూడ్రైవరుతో ప్రతి స్తంభం మొదలూ పొడిచి చూశాడు. పదహారింటిలో పుచ్చినవి నాలుగే. నాలుగూ పడమటివైపువే. అక్కడ మండువా నీళ్ళు బయటికి పోయే తూము వుండేది. ఎప్పుడో సిమెంటు గచ్చు చేయించినప్పుడు అది మూసుకుపోయింది. వానాకాలమంతా నీళ్ళు నిలిచి ఆ స్తంభాల పాదాలను తింటున్నాయి. దూలాల్లో ఒకటి మార్చాలి, పెంకు సగం మార్చాలి. మిగతా ఇల్లు గట్టిగా వుంది.

తూము తెరిపించి, పుచ్చినంత మేర స్తంభాలు కోసి, కింద రాతి దిమ్మలు పెట్టవచ్చు. మా వూరి వడ్రంగి వేసిన లెక్కను నాన్నగారికి పంపాను. కొత్త డాబా ఖర్చులో నాలుగోవంతు కూడా కాదు. ఆ ఇంటిని యాభయ్యోవంతు కొలతలో చెక్కతో చేసి, కాలేజీలో ముందుంచాను. మండువాలోకి దీపం వంచి వెలుగు ఎలా పడుతుందో చూపిస్తే ఆ రోజు నా నమూనా చుట్టూ చాలాసేపు మూగారు. ఎనిమిది వచ్చింది.

ఆ రాత్రి ఫోటోలు పంపితే పెదనాన్నగారు ఫోను చేశారు. అన్నీ శ్రద్ధగా విని, "లెక్క బాగానే వుంది తల్లీ. బాగుచేసిన ఇంట్లో ఎవరుంటారు?" అన్నారు. గురువుగారి మూడో ప్రశ్న అదే. పెదనాన్నగారి పిల్లలు బెంగుళూరులో, బాబాయి పిల్లలు అమెరికాలో. నేను ఇక్కడ. చదువు అయ్యాక ఒక ఏడాది ఇక్కడే వుండి ఉద్యోగం వెతుక్కోవడానికి ఈ దేశం అనుమతి ఇస్తుంది. అప్పు తీరాలంటే అదే సులువైన దారి అని బ్యాంకువాళ్ళూ, స్నేహితులూ చెబుతున్నారు.

వారం రోజులు ఆలోచించి నేనొక మాట చెప్పాను. మా వూరి పక్కన అలాంటి ఇళ్ళు ఇంకా పదిహేను ఇరవై వున్నాయి. వాటి యజమానులందరిదీ ఇదే చిక్కు. ఒక ఏడాది నేను ఆ ఇంట్లో వుండి, వీధివైపు గదుల్లో ఆఫీసు పెట్టి, పాత ఇళ్ళు బాగుచేసే పని దొరుకుతుందేమో చూస్తాను. దొరక్కపోతే మీ ఇష్టప్రకారం చేయండి.

పెదనాన్నగారు వెంటనే ఏమీ అనలేదు. మర్నాడు నాన్నగారు చెప్పారు, కలప వర్తకుడికి ఇప్పుడు కాదని కబురు పంపారట. వానలు పడకముందే పెంకు మార్పించడానికి ముగ్గురూ తలా కొంత వేసుకున్నారు. గడువు ఒక్క ఏడాదే. అమ్మ మాత్రం, "అప్పు మాటేమిటే?" అన్నది. ఆమె అన్నది న్యాయమే. దానికి జవాబు ఇంకా కాగితం మీద కూడికలూ తీసివేతలూగానే వుంది.

జూలైలో బయలుదేరుతున్నాను. ఆ చెక్క నమూనా విమానంలో చేతిసామానుకు ఇచ్చే కొలత కన్నా బెత్తెడు పెద్దదయింది. పైకప్పు విడిగా వూడి వచ్చేట్టు చేశాను గనక రెండు ముక్కలుగా సర్దవచ్చు. స్తంభాలు పదహారూ ఒక అగ్గిపెట్టెలో పడతాయి.