ముందు అడ్వాన్సు, తర్వాతే వైద్యం

మొన్న కొల్లేటి లంక ఊళ్లో ఉండే మా పెదనాన్నకి గుండెల్లో నొప్పి వస్తే ఏలూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఆరోగ్యశ్రీ కార్డు చూపిస్తే "గవర్నమెంటు బకాయిలు రావట్లేదండీ, అడ్వాన్సు కట్టండి" అన్నారు. తాడేపల్లిగూడెంలో ముందురోజే చేయించిన రక్తపరీక్షలు పనికిరావట! అన్నీ మళ్లీ వాళ్ల ల్యాబులోనే చేశారు. చేపల చెరువు మీద వచ్చే నాలుగు రూపాయలు చాలక పెద్దమ్మ నగలు తాకట్టు పెట్టింది. డాక్టరుగారు మాతో మాట్లాడింది మాత్రం రెండు నిమిషాలే.

బాధేమిటంటే, వెయ్యి రూపాయలు దాటిన వైద్యానికల్లా ఆరోగ్యశ్రీ అని 2020 జనవరిలో పైలట్‌గా మొదలుపెట్టింది ఈ ఏలూరులోనే. అదే ఏడు డిసెంబరులో ఇక్కడే జనం ఫిట్స్ వచ్చి పడిపోతుంటే, ఆరు వందల మందికి పైగా జబ్బుపడితే, ఆదుకున్నది ప్రధానంగా మన సర్కారు ఆస్పత్రే. చాలామంది త్వరగానే కోలుకుని ఇంటికెళ్లారు. ఎయిమ్స్ వాళ్లు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని తేల్చారు. పేదవాడికి నిలబడే వైద్యం అసాధ్యం కాదని ఆ వారం చూశాం కదా!

ఆరోగ్యశ్రీ పథకం పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. బకాయిల కోసం 2025 అక్టోబరులో నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేశాయి. ప్రభుత్వానికీ ఆస్పత్రికీ మధ్య లెక్క తేలకపోతే రోగి నగలు ఎందుకు పోవాలి?

మీవాళ్లని చేర్చేటప్పుడు ముందు ఆస్పత్రిలో ఈ పథకం పని చూసే ఆరోగ్యమిత్రని అడగండి. కార్డు చెల్లదంటే 104కి ఫోన్ చేయండి. ప్రతి పరీక్షకీ విడిగా బిల్లు రాయించుకోండి.