మేడమీది మేళము

విజయనగరమునకు పోయినవాడు సంగీతమును గూర్చి నాలుగు మాటలు వినకుండ తిరిగివచ్చుట కష్టము. 1919లో విజయరామ గజపతిరాజుగారు సంగీత కళాశాలను నెలకొల్పిన సంగతియు, దానికి ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులైన సంగతియు, శిష్యుడుగా చేరవలెనని వచ్చిన ద్వారం వేంకటస్వామినాయుడుగారిని అచ్చటివారు వయొలిన్ ఆచార్యునిగానే నిలుపుకొన్న సంగతియు, మధుకరము చేసికొని కడుపు నింపుకొనుచు పట్రాయని సీతారామశాస్త్రిగారి చెంత ఘంటసాల పాట నేర్చిన సంగతియు, అడిగినను అడుగకున్నను ఎవరో ఒకరు చెప్పియే తీరుదురు. అవి చెప్పదగినవే, కాని నేను చూడబోయినది ఆ కళాశాలను గాదు. వేరువేరు కళాశాలలలో లెక్కలో రసాయనశాస్త్రమో చదువుకొనుచు, సాయంకాలము లొకచోట చేరి తమంత తాము పాడుకొని వాయించుకొను కొందరు పిల్లల మేళమును చూడబోయితిని.

నా మిత్రులొకరు అచ్చట డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రము బోధించుచున్నారు. ఒకనాడు ధ్వనితరంగముల పాఠము చెప్పుచు, ఒకవైపు మూసిన గొట్టమునకు ఉదాహరణ మేమని అడుగగా, కడపటి బల్లనుండి ఒక కుఱ్ఱవాడు లేచి, వేణువునకును క్లారినెట్టునకును గల భేదమును పూసగ్రుచ్చినట్లు చెప్పెనట. వేణువును గట్టిగా ఊదిన స్థాయి మారి అదే స్వరము పైన పలుకును. క్లారినెట్టున బొటనవ్రేలి మీట తెరచినచో షడ్జము తారషడ్జము కాదు, దానిని దాటి పై పంచమమగును. పుస్తకములో అర్ధపుటగా ముగిసిపోవు ఈ విషయమును వాడు పెదవులతో నేర్చినవాడు. వాని వెంట బడి మా మిత్రులు ఆ మేళపు గదికి పోయిరి. వారి వెంట బడి నేను పోయితిని.

గంటస్తంభము దాటి, మూడు లాంతర్ల వైపు పోవు బజారులో కిరాణాకొట్టొకటి కలదు. ప్రక్కసందులోని ఇరుకు మెట్లెక్కినచో చింతపండు బస్తాల వాసనతోబాటు మనలను పైకి చేర్చు గది యది. కొట్టు యజమాని మేనల్లుడు మేళములో తబలా వాయించును గనుక గదికి అద్దె లేదు. గోడలనిండ కోడిగ్రుడ్ల అట్టలు అతికించియున్నవి. శబ్దము బయటికి పోకుండుటకని పిల్లలు చెప్పిరి. అట్లేమియు ఆగదని మా మిత్రులు శాస్త్రోక్తముగా నిరూపింపబోయిరి. అంతలో ఒక అట్టవెనుకనుండి బల్లి పలికినది. గుమ్మముప్రక్క పంచాంగపు క్యాలెండరు వ్రేలాడుచుండెను. అందు పెండ్లి ముహూర్తములకు ఎఱ్ఱసిరాతోను, పరీక్షలకు నీలిసిరాతోను సున్నలు చుట్టియున్నవి. ఏ సున్నయు లేని దినములే సాధనదినములట. ఆషాఢమును పుష్యమును, నడుమ వచ్చు మూఢములును వారికి పండుగ. పురోహితులు ముహూర్తములు లేవనిన దినములే ఈ మేళమునకు సుముహూర్తములు.

ఆ ఎఱ్ఱ సున్నలన్నియు ఒక్కనికొఱకే. క్లారినెట్టు ఊదు ఆ కుఱ్ఱవాని తండ్రి ఊరిలో పేరుగల బ్యాండుమేళపు పెద్ద. పెండ్లిండ్ల కాలమున కొడుకును జరీ అంచుల ఎఱ్ఱకోటు తొడిగికొని తండ్రిప్రక్కన నడువవలెను. తక్కినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క దారిని వచ్చినవారు. వయొలిన్ వాయించు పిల్ల బి.కాం. చదువుచునే సంగీత కళాశాలకు కూడ పోవుచున్నది. కీబోర్డు పిల్లవాడు ఇంజనీరింగు. చిన్ననాటినుండి చర్చిలో ఆదివారపు ఆరాధనకు వాయించి చేయి తిరిగినవాడు. తబలా వానికి రామకోవెల భజనగోష్ఠి గురుకులము. గిటారు పట్టిన పొడుగుపాటివాడు సెల్‌ఫోనులో చూచి నేర్చితినని నిర్మొగమాటముగా చెప్పెను. పాడు పిల్ల మిక్కిలి మెల్లగా మాట్లాడును. పాట యెత్తినపుడు మాత్రము గది చాలదు.

ఆరంభింపుడని మా మిత్రులు తొందరపెట్టిరి గాని, శ్రుతి కుదుర్చుటకే చాలసేపు పట్టినది. నాకు మిక్కిలి రుచించినది ఆ చాలసేపే. పాడు పిల్లది ఐదున్నర శ్రుతి. కీబోర్డువాడు ఒక మీట నొక్కి క్షణములో అచ్చటికి చేరి, చేతులు కట్టుకొని కూర్చుండెను. గిటారువాడు తీగలపై కేపో బిగించెను. వయొలిన్ పిల్ల బిరడలు త్రిప్పుచు, చెవి తీగకానించి, సారణిని పంచమముతో సరిచూచుకొనుచుండెను. తబలావాడు సుత్తితో గట్టాల నొక్కొక్కదానిని క్రిందికిని పైకిని కొట్టి, నడుమనడుమ అంచుమీద వ్రేలితో తట్టి వినుచు, తల అడ్డముగా ఊపి మరల కొట్టుచుండెను. క్లారినెట్టువానికి త్రిప్పుటకు బిరడలు లేవు, శ్రుతి మార్చు మీట లేదు. రీడును నోటనుంచుకొని తడిపి, బిగించి, ఊరక కూర్చుండి వ్రేళ్ళను మాత్రము కదపుచుండెను. తండ్రి మేళములో ట్రంపెట్టు మొదలు యూఫోనియం వఱకు అన్నియు ఒకే కుటుంబపు వాద్యములు గనుక వాటికి అలవడిన శ్రుతి యొకటి కలదు. ఇచ్చట గాయని కంఠమే ప్రమాణము. అందుచే ప్రతి స్వరమును ఇంకొక రంధ్రమునకు మనస్సులోనే తరలించుకొనవలెను. వాడాపని చేయుచున్నట్లు చూచువారికి తెలియదు. అందఱికంటె ముందు సిద్ధమైనవా డెవడని నన్నడిగిన కీబోర్డువానిని చూపుదును; అందఱికంటె ఎక్కువ పని చేసినవా డెవడనిన వీనిని.

వారు మొదట ఒకటి రెండు సినిమాపాటలు వాయించిరి. బాగుగానే యున్నవి, వానిని గూర్చి చెప్పవలసిన దేమియు లేదు. పిదప కదనకుతూహలరాగమున పట్నం సుబ్రహ్మణ్యయ్యరు రచించిన ‘రఘువంశసుధా’ ఎత్తుకొనిరి. గమకముల భారము తక్కువయై, ఇంగ్లీషు బ్యాండు నడక వినిపించు ఈ కీర్తన యనిన ఇట్టి మేళముల కన్నింటికిని ప్రీతి; కీబోర్డు గూడ దీనియందు మొగము చాటువేయనక్కఱలేదు. అయితే ఈ రాగపు ఆరోహణము వంకరదారి. స రి మ ద ని అని పోయి, అచ్చటినుండి షడ్జమును దాటి తారగాంధారము మీదికి దుముకవలెను. ఆమీద పంచమము, షడ్జము. ఆ దుముకుట యందే క్లారినెట్టువాని పరీక్ష. వాని శ్రుతిలో నిషాదము పలుకునపుడు రంధ్రములన్నియు తెఱచియుండును. మరుక్షణముననే రెండుచేతుల వ్రేళ్ళును ఆరు రంధ్రములను ఒక్కుమ్మడిగా కప్పవలెను. బొటనవ్రేలు తన రంధ్రమును మూయుచునే పై మీటను తెఱవవలెను. ఒక్క వ్రేలు వెంట్రుకవాసి ఆలస్యమైనను వాద్యము కీచుమనును. పైగా ఆ నిషాదమున్న చోట క్లారినెట్టు గొంతు సహజముగనే బొంగురు, గాంధారమున్న చోట గలగల. ఆ రెండింటిని ఒక్క దారమున గ్రుచ్చినట్లు వినిపించుట ఊపిరి పని. మొదటిమారు కీచుమనెను. గిటారువాడు నవ్వెను. వయొలిన్ పిల్ల నవ్వక, తన కమానును నిషాదముపై ఒక రవ్వ ఎక్కువసేపు నిలిపి, గాంధారమును మెత్తగా అందుకొనుట మొదలుపెట్టినది. ఆమె ఆగిన ఆ రవ్వంత ఎడములో వాని వ్రేళ్ళు సరిగా కూర్చుండెను. ఎవరును ఒక మాటయైన ఆడలేదు. తరువాతి ఆవృత్తములలో ఆమె ఆ ఎడమును కొంచెము కొంచెముగా తగ్గించుకొనుచు పోయి, చివరకు తాళము తప్పకయే ఇరువురును కలిసి దుమికిరి.

చాపమీద ఆ రెండు వాద్యములు ప్రక్కప్రక్కనే ఉండుట చూచి నాకు పాతసంగతి యొకటి స్ఫురించినది. వయొలినును క్లారినెట్టును దేశీయములు కావు. తెల్లవారితో ఓడ దిగివచ్చినవి. చెన్నపట్టణపు సెంటుజార్జికోటలో బ్యాండు మ్రోగుచున్న దినములలో, మణలి జమీందారుల ఆశ్రయమున నున్న ముత్తుస్వామి దీక్షితులు ఆ పాటలు విని వాటికి సంస్కృత సాహిత్యము కూర్చిరి, అవియే నోట్టుస్వరములు. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు వయొలిన్ అభ్యసించి, దానిని మన సంగీతమునకు తెచ్చెను. వయొలిన్ గాత్రమునకు నీడయై సభలలో పీట వేసికొని కూర్చుండినది. ద్వారంవారి చేతిలో నీడ దశ గడచి తానే కచేరీ యైనది. క్లారినెట్టు మాత్రము పెండ్లికొడుకు కారుముందు వీధిలో నిలిచిపోయినది. తమిళదేశమున ఏ. కె. సి. నటరాజన్ వంటివారు దానిని కచేరీ వేదిక నెక్కించిరి గాని, మనవైపున దానిని ఊదువానిని ఇప్పటికిని ‘బ్యాండువాడు’ అనియే పిలుతుము. వయొలిన్ వాయించువానిని ‘విద్వాంసుడు’ అందుము. వాద్యములలో ఇంత అంతరము లేదు. అంతరమంతయు వాయించువారి ఇండ్లలో నున్నది. నాదము తెలిసిన పెద్దలు సరిచేయని ఈ లెక్కను కిరాణాకొట్టు మేడమీద ఈ పిల్లలు, సంస్కరణమను తలంపైన లేక, ఆ కుఱ్ఱవానికంటె బాగుగా ఊదువాడు దొరకడు గనుక సరిచేయుచున్నారు.

ఇంతలో ఆ కుఱ్ఱవాని తండ్రి మెట్లెక్కి వచ్చెను. నన్ను ఎవరో కళాశాల అధికారినని తలచెను గాబోలు, వానికి హాజరు 75 శాతము దాటకున్నచో పరీక్ష వ్రాయనీయరట, ఏదైన దారి చూపుడని మొదలుపెట్టెను. కానని తెలిసి కొంత నిరాశపడి, నా ప్రక్కనే గోడకానుకొని కూర్చుండెను.

“ఇక్కడ పైసా రాదు కదండీ. అబ్బాయి ఇలా వచ్చి వాయిస్తుంటే మీకేమీ అభ్యంతరం లేదా?” అని యడిగితిని.

“రాదు బాబూ. మూఢంలో మాకు మాత్రం ఏటొస్తాది? ఊరికే కూకుంటే నోరు పోతాది. పెదవి బిగువు తప్పిందంటే మళ్ళీ రాడానికి నెల్లాళ్ళు. ఇక్కడ ఊదుకుంటే ఆడి నోరు నిలబడతాది.” కొంచె మాగి, పిల్లలకు వినబడకుండ గొంతు తగ్గించి, “ఇంకోటి సెప్పమంటారా? ఈళ్ళ దగ్గిర ఆడు మెల్లగా ఊదడం నేర్సుకున్నాడు. నాకది రాదు బాబూ. డప్పులూ మందుగుండూ మజ్జిన ఊదిన నోరు నాది” అనెను.

చదువును పాడుచేయు వ్యసనమని ఇట్టి మేళములను గూర్చి తల్లిదండ్రులు మొఱపెట్టుట నేను వినియున్నాను. అట్టివారికి బదులుగా కీబోర్డువాడు బాలసుబ్రహ్మణ్యంగారి కథను తాయెత్తువలె దగ్గఱ నుంచుకొనును: అనంతపురములో ఇంజనీరింగు చేరి, అది మాని మదరాసు పోయి, చదువుకొనుచునే పాటకచేరీ బృందము నడపగా, అందు ఇళయరాజాయు ఆయన సోదరులును వాద్యములు వాయించిరి గదా యని. 1966లో ఆయన తొలి సినిమాపాట పాడిన సంగతి చెప్పి ముగించును. కథ సత్యమే. కాని ఆ దినములలో మదరాసున ఎన్ని మేళము లుండెనో, అందలి తక్కిన కుఱ్ఱవాండ్రు ఏ బ్యాంకులలో, ఏ బడులలో పదవీవిరమణ చేసిరో ఎవరును చెప్పుకొనరు. ఈ పిల్లలు గూడ తాము అట్లగుదుమని నమ్ముచున్నట్లు నాకు తోపలేదు. అమ్మను సమాధానపఱచుటకు ఒక కథ కావలెను, అంతియే. గిటారువాడు బ్యాంకు పరీక్షలకు చదువుచున్నాడు. పాడు పిల్లకు సంబంధములు చూచుచున్నారు. మేళము ఇంకెన్నాళ్ళుండునని అడుగబోయి మానుకొంటిని.

చివర వచ్చిన చర్చ మా మిత్రుల కళాశాల వార్షికోత్సవమును గూర్చి. వీరి పాట ఆనాటి సాయంకాలము. ఆనాడే క్యాలెండరులో ఎఱ్ఱ సున్న. తబలావాడు మైకుసెట్టు అద్దెకు బయానా ఇచ్చివేసితినని లెక్కలపుస్తకము తెఱచి చూపెను. ప్రిన్సిపాలుగారి నడిగి తేదీ మార్పింతమని ఒకరు, క్లారినెట్టు భాగము కీబోర్డుమీద లాగింతమని మరియొకరు. వయొలిన్ పిల్ల ఆ రెండవ మాటకు ఒప్పుకొనలేదు. తండ్రి లేచి పోయి, సున్నలోపలి చిన్న అక్షరములను కళ్ళకు దగ్గఱగా పెట్టుకొని చదివెను.

“ముహూర్తం రాత్రి రెండున్నరకి. ఊరేగింపు తొమ్మిదింటికి. పిల్లోడ్ని ఎనిమిదింటికి ఒగ్గేయండి, బండిమీద అట్టుకెల్లిపోతాను.”

“మరి బట్టలు మార్చుకోడానికి టైముండదు కదా” అని కుఱ్ఱవాడు నసిగెను.

“కోటు వేసుకునే స్టేజీ ఎక్కేయ్. మాకేటి?” అన్నది వయొలిన్ పిల్ల.

కుఱ్ఱవాడు తండ్రివైపు చూచెను. తండ్రి గోడమీది అట్టలవైపు చూచెను. ఇంతలో తబలావాడు, ఒక్కడే ఎఱ్ఱకోటులో నున్నచో బాగుండదనియు, మేళమంతయు అట్లే ఉన్నచో ఏ కళాశాలకును లేని దర్జాయనియు చెప్పి, “మావయ్యా, మీ ఇంట్లో ఇలాంటివి ఇంకో ఐదున్నాయా?” అని యడిగెను.

“ఎందుకు లేవు? పదారున్నాయి. ఆడపిల్లలకి బుజాల దగ్గిర కొంచెం కుట్టించాలి.”

“ఊరికే ఇస్తారా?”

“ఊరికే ఏటి? ఉతికించిన కూలి ఎవులిస్తారు?” అని ఆయన మరల కూర్చుండెను. తబలావాడు లెక్కలపుస్తకములో క్రొత్త పుట తెఱచెను. కోటుకు ఎంతయను బేరము, మేము మెట్లు దిగునప్పటికి, సగము కూడ తెగలేదు.