ఏమి వండిరి? ఎవరు వండిరి?

జూరిచ్ నగరమున దిగిననాఁడు రొట్టెతోను పండ్లతోను కడుపు నింపుకొంటిమి. కూరగాయల చారులోను మాంసరసముండవచ్చునని వడ్డించువాఁడే చెప్పెను. మఱునాఁడు యంత్రమున టికెట్టు కొని, ట్రామెక్కి, 1898లో స్థాపింపఁబడిన 'హిల్ట్ల్' శాకాహారశాలకుఁ బోయితిమి. అచ్చట మనము వడ్డించుకొనిన పళ్లెమును తూచి వెల గట్టుదురు. పప్పు, కూర కంటఁబడఁగానే ప్రాణము లేచివచ్చినది.

సగము తినిన పిమ్మట తోఁచినది: ఇందులో ఏమున్నదని ఊరంతయు అడిగితిమి, ఎవరు వండిరని ఒక్కమాఱైనను అడుగలేదు. మా యింటి పెండ్లిలో బాల్యమిత్రుని కులము పేరిట వేఱు పంక్తిని కూర్చుండఁబెట్టిననాఁడు మేము నోరు మెదపలేదు. పరదేశమున ఆకలికి లేని పట్టింపు స్వగృహమున నేల?

తిరిగివచ్చిన వారమే అతని యింటికిఁ బోయి, అడిగి భోజనము చేసితిమి. మన్నించెనో లేదో అడుగుటకు మాత్రము ధైర్యము చాలలేదు.